గుర్రం చెవిలో మా సంసారం

మా ఆయనా నేనూ మనసు విప్పి మాట్లాడుకున్నది నెలన్నరకోసారే. అదీ గుర్రం చెవిలో.

నవ్వకండి. ఉన్నదే చెబుతున్నా. మా ఆయన తిరువూరులో నాడాలు కొట్టేవాడు. ఎద్దులకీ గుర్రాలకీ పెరిగిన గిట్టలు చెక్కి, కింద ఇనప నాడాలు బిగించే పని. వాళ్ళ నాన్నా అదే పని చేశాడు, తాతా అదే. నేను కాపరానికి వచ్చిన కొత్తలో పొద్దున లేచి వాకిలి ఊడుద్దామంటే సందు ఉండేది కాదు, అన్నీ ఎద్దులే. గంపలగూడెం వైపు ఊళ్ళ నుంచి రైతులు బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. పేడ ఎత్తలేక నడుం విరిగేది నాకు. "ఇదేం సంబంధం చూశావయ్యా" అని మా నాన్నని లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. ఎద్దులు తగ్గిపోయాయి, ఆపైన అసలే లేకుండా పోయాయి. ఆయన బస్టాండు అవతల వెల్డింగ్ షాపులో కుదిరాడు. గేట్లూ, కిటికీ ఊచలూ, నీళ్ళ ట్యాంకు స్టాండ్లూ. వాకిలి శుభ్రంగా ఉండేది ఇక. ఊడ్చడానికి ఏమీ లేని వాకిలిని ఊడుస్తుంటే నాకే ఒకలా ఉండేది. మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఇద్దరం, ఆయన పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేవాడు, వచ్చినా మాట్లాడే రకం కాదు. తిన్నావా అంటే ఊ, పడుకుంటావా అంటే ఊ. గోడతో కాపరం చేసినట్టే ఉండేది.

అలాంటప్పుడు వచ్చింది ఈ గుర్రం.

పెళ్ళిగుర్రం. ఆడది. తెల్లగుర్రం అని చెప్పుకుంటాడు దాని ఆసామి, నిజానికి బూడిద రంగు, పెళ్ళి ఉన్న రోజు పౌడరు కొడతాడు. ఆసామిది గంపలగూడెం అవతల పల్లె, రైతు కుటుంబం, పత్తీ మామిడీ వేస్తారు. అతనికి వ్యవసాయం కన్నా ఊరేగింపుల మీద మోజు ఎక్కువ. తిరువూరులో ఫంక్షన్ హాళ్ళు ఉన్నాయి కదా, అందుకని మా ఇంటికి నాలుగు వీధుల అవతల, ఊరి చివర ఉన్న వాళ్ళ మామిడితోటలోనే గుర్రాన్ని కట్టేస్తాడు. మనిషి మంచివాడు. మా ఆయన్ని బాబాయ్ అనేవాడు, నన్ను పిన్నీ అంటాడు.

ఎద్దుకి నాడా కొట్టాలంటే తాళ్ళతో పడేసి, కాళ్ళు కలిపి కట్టేసి కొడతారు. గుర్రాన్ని అలా పడేయకూడదు. నిలబెట్టే చెయ్యాలి. మనిషి వంగి, దాని కాలు ఎత్తి, తన మోకాళ్ళ మధ్య ఇరికించుకుని చెక్కాలి. "కాలు అది ఇవ్వాలి. లాక్కుంటే కుదరదు" అనేవాడు ఆయన. మొదటిసారి అది ఇవ్వలేదు. తొడ మీద ఒక్క తన్ను తన్నింది. ఆయన నడుం నుంచి మోకాళ్ళ దాకా తోలు పట్టా కట్టుకునే ఉన్నా కిందపడ్డాడు. నేను టీ గ్లాసుతో బయటికి వచ్చాను, అది చూశాను, ఇక నోరు ఆగలేదు.

"చూశావా, పొద్దున ఏమీ తినకుండా వంగొద్దని చెప్పానా? నా మాట ఎప్పుడైనా విన్నాడా ఈ మనిషి? తన్నావా, మంచి పని చేశావు. నా తరఫున కూడా ఒకటి తన్ను!" అని గుర్రం తలకాయ దగ్గర నిలబడి దానికే చెప్పాను, ఆయన వైపు చూడకుండా.

గుర్రం చెవులు రెండూ నా వైపు తిరిగాయి. ఒళ్ళు వదులైంది. ఆయన మెల్లగా కాలు పట్టుకుంటే ఇచ్చేసింది. వంగినవాడు వంగినట్టే ఉండి, "ఆపకు, తిడుతూ ఉండు" అన్నాడు.

అంతే. అక్కడి నుంచీ మా పద్ధతి అదే అయిపోయింది. నెలన్నరకోసారి గుర్రం వచ్చేది. ఆయన కింద, నేను దాని తలకాయ దగ్గర. నేను ఆయన మీద చాడీలు గుర్రానికి చెప్పాలి, ఆయన జవాబు కూడా గుర్రానికే చెప్పాలి.

"రాత్రి పప్పులో ఉప్పు తగ్గిందని కంచం ముందు నుంచి లేచిపోయాడే. నోటితో చెబితే ముత్యాలు రాలతాయా?"

కింద నుంచి ఆయన ఆకురాయితో గిట్టని బరబరా అరగదీస్తూ, "గుర్రమా, ఉప్పు లేదని చెబితే ఆవిడ మూతి ఎన్నాళ్ళు ముడుచుకుంటుందో నీకు తెలియదు. నేనేమో ఆ ఇంట్లోనే ఉండాల్సినవాణ్ణి."

ఆసామి పగ్గం పట్టుకుని పడీ పడీ నవ్వేవాడు. అతనికి అది తమాషా. మాకు మాత్రం అన్నీ అందులోనే తేలేవి. గుమ్మం దాటి లోపలికి వెళితే మళ్ళీ ఊ అంటే ఊ. ఒకసారి ఆసామికి ఫోను వచ్చి గేటు బయటికి వెళ్ళాడు. ఎందుకో ఆ రోజు నా నోటి నుంచి వచ్చేసింది. "ఏమే, నాకు పిల్లలు పుట్టరని డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచీ ఈయన నన్ను ఒక్క మాట అనలేదే. ఎందుకు అనలేదో కనుక్కో." ఆకురాయి ఆగింది. తర్వాత, "గుర్రమా, అనడానికి ఏముంది? నన్ను ఇంత శ్రద్ధగా తిట్టే మనిషి ఇంకెక్కడ దొరుకుద్ది నాకు?" అన్నాడు. మళ్ళీ బరబర మొదలైంది. నేను గుర్రం మెడ మీద మొహం పెట్టుకున్నాను. అది కదల్లేదు, పాపం.

ఇంకో అలవాటు చెప్పాలి. పని అయిపోయి గుర్రం వెళుతుంటే నేను గేటు దగ్గర నిలబడి చెవి పెట్టేదాన్ని. మా వీధిది సిమెంటు రోడ్డు. కొత్త నాడాలు టక్ టక్ టక్ టక్ అని మలుపు దాకా వినపడేవి. ఆయన కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ, "నడక ఎలా ఉందే?" అని అడిగేవాడు. గుర్రం మధ్యలో లేకుండా నన్ను నేరుగా అడిగే మాట అదొక్కటే. నేను మలుపు దాకా విని, "సమంగానే ఉందండీ" అనేదాన్ని. ఎక్కడైనా ఒక అడుగు తేడాగా పడిందంటే అప్పటికప్పుడు ఆసామికి ఫోను చేసి వెనక్కి పిలిచేవాడు. తన చేతి కన్నా నా చెవి మీద ఆయనకి నమ్మకం. ఇది ఎవరికీ చెప్పలేదు నేను, చెబితే గొప్పలు పోతోందంటారు.

ఆయన పోయింది మామిడి పిందెలు పడే రోజుల్లో. పొద్దున నమాజు చదువుకుని వచ్చాడు, ఛాతీ పట్టేసినట్టుంది అన్నాడు, కుర్చీలో కూర్చున్నాడు. పొయ్యి మీద టీ ఉంది. నేను ఆటో కోసం వీధిలోకి పరిగెత్తి వచ్చేసరికి అయిపోయింది. చెప్పాపెట్టకుండా పోయాడు. అంతకు కొద్ది రోజుల ముందే గుర్రానికి కొత్త నాడాలు కొట్టాడు.

మా వాళ్ళలో మొగుడు పోయిన ఆడది ఇద్దత్తు పాటించాలి. నాలుగు నెలల పది రోజులు గుమ్మం దాటకూడదు, పరాయి మగవాళ్ళ కంట పడకూడదు, మంచి బట్టలు కట్టకూడదు. నాకు తోడుగా ఆయన అక్క వచ్చి ఉంది. నేను ఆపా అంటాను. ఆవిడ నియమం అంటే నియమమే. ముందు గది కిటికీకి దుప్పటి కట్టేసింది. మొదట్లో ఆ చీకటి నాకు మేలే చేసింది. ఎవరి మొహమూ చూడక్కర్లేదు, ఎవరికీ మొహం చూపించక్కర్లేదు. తర్వాత తర్వాత మాత్రం ఊపిరాడలేదు. ఆపా తస్బీ పూసలు తిప్పుతూ కూర్చునేది, నేను ఎదురుగా కూర్చునేదాన్ని. అంత ఏడ్చినదాన్ని, ఏడుపు అయిపోయాక చెయ్యడానికి ఏమీ లేక గోడ చూసేదాన్ని.

ఒక పొద్దున టక్ టక్ వినపడింది. మలుపు నుంచే. ఎవరూ చెప్పకపోయినా గుర్రానికి దాని వేళ తెలుసు, అనుకున్నాను. నోటి చివరిదాకా వచ్చింది, "వచ్చిందండీ" అని స్నానాలగది వైపు కేక వెయ్యబోయి ఆగాను.

ఆసామి గేటు దగ్గర నిలబడి ఆపాని అడుగుతున్నాడు. "బాబాయ్ వాళ్ళ వాళ్ళలో ఈ పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అండీ?" ఎవరున్నారు? ఎవరూ లేరు. అతను వెళ్ళిపోయాడు. అప్పటికి నడక సమంగానే ఉంది. సమంగానే ఉందండీ, అని దుప్పటికి చెప్పాను.

రెండోసారి వచ్చినప్పుడు బాగా లేదు. టక్, టక్, టక్, చర్. ముందు ఎడమకాలు ఈడుస్తోంది. ఆ గుర్రానికి నాడాలు ముందు కాళ్ళకే, వెనక కాళ్ళు ఊరికే చెక్కితే చాలు. గోరు పెరిగినట్టు గిట్ట పెరుగుద్ది, నాడా మాత్రం పెరగదు కదా. వేళకి తీసి, చెక్కి, మళ్ళీ కొట్టకపోతే గిట్ట ముందుకి సాగిపోయి కాలు మెలిపడిపోద్ది. చూడక్కర్లేదు నాకు, ఆ చర్ అనే చప్పుడు చాలు.

అప్పుడే ఒక మాట తోచి నాకు నిద్ర పట్టలేదు. ఆ నాడాలు ఆయన చివరిసారి కొట్టినవి. ఆ మేకులు ఆయన వేళ్ళతో పట్టుకున్నవి. ఈ లోకంలో ఆయన పెట్టిన చోట పెట్టినట్టే ఉన్న వస్తువులు అవే. చొక్కాలు ఆపా ఉతికి ఎవరికో ఇచ్చేసింది, కుర్చీ జరిపేశారు, మంచం విప్పేశారు. ఆ మేకులు మాత్రం ఎవరూ కదపలేదు. గుర్రం కాలు బాగుపడాలని ఒక పక్క నా ప్రాణం కొట్టుకుంటోంది. ఆ మేకుల మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని ఇంకో పక్క. రెండూ కోరుకున్నాను, సిగ్గు లేకుండా రెండూ.

తర్వాత ఆసామి విజయవాడ నుంచి నాడాలు కొట్టే ఒకాయన్ని తీసుకొచ్చాడు. గుర్రానికి అలవాటైన చోటు కదా, మా వాకిట్లోనే చేయిద్దామని. ఆ వచ్చినాయన్ని తప్పు పట్టను, తన పని తను చేసుకుపోదామని వచ్చాడు. గుర్రం కాలు ఇవ్వలేదు. బుజ్జగించాడు, అరిచాడు. ఇవ్వలేదు. చివరికి, "తాళ్ళు తెండి, పడేద్దాం" అన్నమాట వినపడింది. పడేస్తే ఆ వయసు గుర్రం మళ్ళీ లేస్తుందో లేదో! తాళ్ళు నేల మీద పడిన చప్పుడు కూడా విన్నాను. ఆపా నా చెయ్యి పట్టుకుంది, కూర్చో అని. నేను కూర్చునే ఉన్నాను. నోరు మాత్రం కూర్చోలేదు.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ తాళ్ళు తీసి పారెయ్యి! ఎద్దనుకున్నారా ఏంటి?" అని కిటికీ దుప్పటి వెనక నుంచి గట్టిగా అరిచాను.

గుర్రం సకిలించింది. దుప్పటి అంచుకి అవతల దాని ముక్కు వచ్చి ఆనింది, బుస్సు బుస్సుమని ఊపిరి. ఆపా తల బాదుకుంది. "ఇద్దత్తులో ఉన్నదానివి, వీధి దాకా వినపడేలా అరుస్తావా! నీకు సిగ్గూ శరం ఉందా?" లేదు ఆపా, అన్నాను. ఆ వచ్చినాయనకి కోపం వచ్చింది. పని తెలిసిన మనిషి మీద ఇంట్లో ఆడవాళ్ళు అరిస్తే రాదా మరి? పనిముట్లు సర్దుకుని బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆసామి కిటికీ దగ్గరికి వచ్చాడు. మర్యాద తెలిసినవాడు, కిటికీకి వీపు పెట్టి, వీధి వైపు చూస్తూ నిలబడి మాట్లాడాడు.

"పిన్నీ, ఇక నా వల్ల కాదు. కుంటుతున్న గుర్రాన్ని ఏ పెళ్ళికొడుకు ఎక్కుతాడు? బేరగాళ్ళు అడుగుతున్నారు. వచ్చే నెల ఇచ్చేస్తా."

"ఎక్కడికి తీసుకెళతారు వాళ్ళు?"

"నేను అడగలేదు పిన్నీ. అడిగితే ఇవ్వలేను."

"నా రోజులు అయ్యేదాకా ఆగు."

"మీరు బయటికొచ్చి ఏం చేస్తారు పిన్నీ?"

"తలకాయ దగ్గర నిలబడతా. చేసేవాళ్ళని పిలుచుకురా."

"ఆయన మళ్ళీ రానన్నాడు కదా. ఇంకెవరున్నారు?"

"అయితే నేనే చేస్తా" అన్నాను. అనేశాక గానీ నా మాట నాకే వినపడలేదు. అతను నవ్వలేదు, అది నయం. "సరే పిన్నీ, ఆగుతా" అని గుర్రాన్ని తోలుకుని వెళ్ళాడు. టక్, టక్, టక్, చర్.

చేతకాని పని ఏమీ కాదు, అని నాకు నేను చెప్పుకున్నాను. ఇన్నేళ్ళూ గిట్టలు చెక్కే కత్తులు సాన పట్టింది ఎవరు? పట్టుకారు అడిగితే పట్టుకారు, సుత్తి అడిగితే సుత్తి అందించింది ఎవరు? గిట్ట ఎంత దాకా గోరో, ఎక్కడి నుంచి ప్రాణం ఉన్న చోటో చూసి చూసి నా కళ్ళకి తెలుసు. చేతులకే తెలియదు. మూలన ఉన్న ఆయన పనిపెట్టె తీశాను. ఆయన చెమట వాసన అందులోనే మిగిలింది. కాసేపు మూత వేసేశాను, మళ్ళీ తీశాను. పొయ్యిలో పెట్టే కట్టె మొద్దు ఒకటి మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఆకురాయి పట్టడం మొదలుపెట్టాను. రోజూ అదే పని. గదినిండా చెక్కపొట్టు.

"దేవుడి పేరు తలుచుకోవాల్సిన రోజుల్లో ఈ వడ్రంగం ఏంటి పిల్లా?" అని ఆపా సణిగేది. సణుగుతూనే పొట్టు ఊడ్చేది. ఒక రోజు వంటింట్లోంచి ఇంకా పెద్ద మొద్దు తెచ్చి నా ముందు పడేసింది. "ఆ చిన్నది అరిగిపోయింది" అని.

రోజులు పూర్తయిన పొద్దున మా తమ్ముడు కొత్త చీర పంపించాడు. ముందు చుట్టాల ఇంటికి వెళ్ళి రావాలి, అది పద్ధతి. నేను పాత చీరే కట్టుకుని వాకిట్లోకి వచ్చాను. అన్నాళ్ళకి ఎండ మొహాన పడి కళ్ళు మూతలు పడ్డాయి. తెరిచి చూసేసరికి గుర్రం నా ముందు ఉంది. చిక్కిపోయింది. ఎడమ గిట్ట చెప్పు తొడిగినట్టు ముందుకి సాగిపోయింది. ముక్కుతో నా తల వాసన చూసింది. తర్వాత కొళాయి వైపు చూసింది. ఊరికే చూసిందేమో, నాకు మాత్రం అలా అనిపించలేదు.

ఆయన తోలు పట్టా కట్టుకున్నాను. నాకు పాదాల దాకా వచ్చింది. ఆసామిని తలకాయ దగ్గర నిలబెట్టాను.

"మాట్లాడు."

"ఏం మాట్లాడను పిన్నీ?"

"నీ పెళ్ళాం మీద చాడీలు చెప్పు."

"వామ్మో! ఎవరైనా చేరేస్తే నేను ఇంటికి వెళ్ళొద్దా?"

చివరికి పత్తికి పట్టిన పురుగు గురించి మొదలుపెట్టాడు. గుర్రం విసుగ్గా తల విదిలించింది. నేను కాలు పట్టుకోబోతే లాగేసుకుంది. ఇంకోసారి పట్టుకోబోయాను. మళ్ళీ లాగేసుకుంది. నేను వంగి ఉన్నాను, నడుం లాగేస్తోంది, ఆపా గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇవ్వదా? ఇవ్వకపోతే ఇది బేరగాళ్ళ పాలేనా? అప్పుడు తలకాయ దగ్గర కాదు, కింద ఉన్నదాన్ని ఉన్నట్టే మొదలుపెట్టాను.

"చూశావటే, చెప్పాపెట్టకుండా పోయాడు. టీ పొయ్యి మీద ఉందే. అందులో అల్లం కూడా వేశాను, ఆయనకి ఇష్టమని. ఆటో దొరికిందని చెబుదామని వస్తే కుర్చీలో అలా కూర్చుని ఉన్నాడు. ఎన్నిసార్లు తిట్టాను, నా మాట వినవు, వినవు అని. ఇప్పుడు అసలే వినడు. ఇదేనా మనిషి చేసే పని? నువ్వే చెప్పు."

కాలు వదులైంది. ఎత్తితే వచ్చింది. మోకాళ్ళ మధ్య పెట్టుకోగానే గుర్రం తన బరువు మెల్లగా నా మీదకి వాల్చింది. దీనికి ఆ పాడు అలవాటు ఉంది. "బరువంతా నా మీదే వేస్తోంది" అని ఆయన గొణిగేవాడు, ఒక్కసారి కూడా పక్కకి నెట్టేవాడు కాదు. అన్ని నెలల్లో ఒక ప్రాణి నన్ను అలా ఆనుకోవడం అదే. నేనూ నెట్టలేదు. పళ్ళు బిగించి నిలబడ్డాను.

గిట్ట పక్కన వంచిన మేకు కొసల్ని ఆకురాయితో అరగదీశాను. పట్టుకారు నాడా కిందకి దూర్చి, మడమ వైపు నుంచి మెల్లగా లేపాను. మొదటి మేకు కదిలి ఊడింది. ఆగి మేకు చూశాను. మిలమిలలాడుతోంది లోపలి భాగం, నిన్న కొట్టినట్టు. అంత గట్టిగా కొట్టాడు మహానుభావుడు! తిడుతూనే రెండోది పీకాను. మూడోది పీకాను. తిట్టడం ఆపితే కాలు లాగేసుకుంటుంది కదా, అందుకని ఏడుస్తూనే తిట్టాను.

మాట మధ్యలో ఒకచోట ఆగిపోయాను. ఎప్పుడూ అక్కడ ఆగేదాన్ని, ఆయన జవాబు కోసం. ఇప్పుడు కింద ఉన్నది నేనే. ఆకురాయి చప్పుడు కూడా నాదే. జవాబు చెప్పే మనిషి ఏ వైపూ లేడు. గుర్రం చెవులు వెనక్కి పడ్డాయి, కాలు బిగుసుకుంది.

గుమ్మంలోంచి ఆపా గొంతు వినపడింది. "గుర్రమా, దానికి చెప్పు. వాడు చిన్నప్పుడూ అంతే. ఎక్కడికి వెళ్ళినా అమ్మకి చెప్పకుండానే వెళ్ళేవాడు. చెబితే ఏడుస్తారని." అని కొంగు నోట్లో కుక్కుకుంది.

గుర్రం కాలు మళ్ళీ వదులైంది.

రెండు కాళ్ళూ అయ్యేసరికి మధ్యాహ్నం అయింది. ఆయనైతే టీ చల్లారేలోపు చేసేవాడు. పెరిగిన గోరు కొంచెం కొంచెంగా తీశాను, రక్తం చుక్క రాలేదు. వెనక కాళ్ళు కూడా చెక్కాను. నాడాలు మళ్ళీ కొట్టడం మాత్రం నాకు రాదు. మేకు ఒక్క వెంట్రుకవాసి లోపలికి పోయినా జీవితాంతం కుంటుతుంది, ఆ సాహసం చెయ్యను. ఆసామికి ఆ మాటే చెప్పాను. "ఇక ఇది ఉత్త కాళ్ళతోనే. తోటలో మెత్తటి మట్టి మీద ఉంచు. తారురోడ్డు ఎక్కించకు. నెలన్నరకోసారి తీసుకొస్తే గిట్టలు చెక్కి పంపిస్తా."

వాకిట్లో ఒక చుట్టు తిప్పాడు. మొదట భయం భయంగా అడుగు వేసింది, కాలి కింద ఏదో తగ్గిందని. తర్వాత సరిగ్గా వేసింది. ఎడమకాలు ఈడ్వడం లేదు. ఆసామి దాని మెడ మీద తట్టి అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"అమ్మను పిన్నీ. ఇక ఆ మాటే ఎత్తను. ఫంక్షన్ హాలు గేటు నుంచి స్టేజీ దాకా నడిస్తే చాలు, అక్కడెలాగూ కార్పెట్టే" అన్నాడు. "ఆ నాడాలు గుమ్మానికి కొట్టుకోండి, దిష్టి తగలదు."

"మళ్ళీ మేకులు కొట్టమంటావా? నా వల్ల కాదు" అన్నాను. మేకులతో సహా కొంగున కట్టుకున్నాను.

గుర్రాన్ని తోలుకుని బయలుదేరాడు. ఆపా లోపల సంచి సర్దుకుంటోంది, రేపు వాళ్ళ ఊరు వెళ్ళిపోతుంది. నేను అలవాటు కొద్దీ గేటు దగ్గర నిలబడి చెవి పెట్టాను.

ఏమీ వినపడలేదు. గేటు దాటిన దగ్గరి నుంచే ఏమీ లేదు. సిమెంటు రోడ్డు మీద ఉత్త గిట్టలు మెత్తగా ఎక్కడో పడుతున్నాయి, నా దాకా రావడం లేదు. మలుపు దాటిందో లేదో తెలియలేదు. కొళాయి వైపు తిరిగి చూశాను. నడక ఎలా ఉందే, అని ఎవరూ అడగలేదు. అడిగినా ఏం చెప్పేదాన్ని?

తోలు పట్టా కాళ్ళకి అడ్డం పడుతుంటే పైకి పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను. వాళ్ళు మలుపు దగ్గర ఉన్నారు.

"ఒరేయ్ అబ్బాయ్! ఈసారి వచ్చే ముందు ఫోను చెయ్యి!"

"ఎందుకు పిన్నీ? నాలుగు వీధులే కదా!" అన్నాడు నవ్వుతూ.

"అది వస్తుంటే ఇక నాకు తెలియదురా" అన్నాను.